నాన్నగారు పోల్చుకోని రాజు

మొన్న మా మనవరాలు ఇంగ్లీషు పాఠం చదువుకుంటూ, డిస్‌గైజ్ అంటే మారువేషమేనా అమ్మమ్మా అని అడిగింది. అవునని ఒక్క మాటతో ఊరుకోవచ్చు గానీ, జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పిన నోరు ఊరుకుంటుందా! అది పాత ఫ్రెంచి నుంచి వచ్చిన మాటనీ, గైజ్ అంటే తీరు, కట్టూబొట్టూ అనీ, మొదట్లో తన మామూలు తీరు విడిచి మరోలా తయారవడమే దాని అర్థమనీ, దాచడం, మోసగించడం అన్నవి తర్వాత వచ్చి చేరాయనీ చెప్పాను. మనం మాత్రం తక్కువ తిన్నామా, వేషమంటే రూపమే అయినా, వేషాలు వెయ్యకు అని పిల్లల్ని కోప్పడడం లేదూ!

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది రాజమండ్రిలో టీచర్ ట్రైనింగ్ చదివేటప్పటి మా ఇంగ్లీషు మేడంగారు. ఆవిడే ఆ ఏడు వార్షికోత్సవానికి తెలుగులో ఒక నాటకం రాసి, రైతు వేషంలో ఊళ్ళు తిరిగి జనం కష్టాలు వినే రాజు పాత్ర నాకిచ్చారు. అందరం ఆడపిల్లలమే, మాలో పొడుగుదాన్ని నేను.

అప్పటికి మా ఇంట్లో ఒక తర్జనభర్జన నడుస్తోంది. ఒక హైస్కూలువాళ్ళు చదువు పూర్తవగానే నన్ను ఉద్యోగానికి రమ్మన్నారు. నోట్లో మాట నోట్లోనే ఉండే పిల్ల గది నిండా ఉన్న పిల్లల్ని ఏం అదుపు చేస్తుందని పెదనాన్నగారు అడ్డుపడ్డారు. కొవ్వూరులో బట్టల కొట్టు నడిపే నాన్నగారికి అన్నగారి మాట వేదం. ఆయన అవుననలేదు, కాదనలేదు.

వార్షికోత్సవం నాటి సాయంత్రం నాన్నగారు కొట్టు పెందలాడే కట్టేసి గోదావరి వంతెన దాటి వచ్చారు. నాకేదో చిన్న వేషం ఉంటుందనుకున్నారట. నేను మీసం అంటించుకుని, తలపాగా చుట్టుకుని, అమ్మ పంపిన కండువా భుజాన వేసుకుని, చివరి రంగంలో అన్యాయం చేసిన మంత్రిని నిలదీస్తుంటే, ముందు వరసలోని ఆయన ముఖం చూడడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. గొంతు మాత్రం వణకలేదు.

నాటకం అయ్యాక నేను అదే వేషంతో ఆయన పక్కకొచ్చి నిలబడ్డాను. ఆయన నావైపు చూడకుండానే మేడంగారిని అడిగారు.

“ఆ రాజు వేషం కట్టిన అమ్మాయి ఎవరండి? మాట గంట కొట్టినట్టుందండి.”

ఆవిడ నవ్వి నన్ను చూపించారు. మీసం లాగేసరికి జిగురు చురుక్కుమని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాన్నగారు ముందు కండువా అంచు పట్టి చూసి, ఇది మన కొట్టుదే అన్నారు. ఆ తర్వాత నన్ను చూశారు. చాలాసేపు చూశారు.

నన్నూ వెంటబెట్టుకుని ఇంటికి వెళ్తుంటే, బస్సు వంతెన సగం దాటేదాకా ఆయన మాట్లాడలేదు. కిటికీలోంచి గోదావరిని చూస్తూనే అన్నారు.

“ఆ బడివాళ్ళకి వస్తానని చెప్పేయమ్మా. పెదనాన్నతో నేను మాట్లాడతాను.”

మాట్లాడారు కూడా. అన్నగారికి ఎదురుచెప్పడం ఆయన జన్మలో అదే మొదలట. అది మొదలు, గుడ్డ కొలుస్తూ కొలుస్తూ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, “మా అమ్మాయి టీచరండి” అని చెప్పుకునేవారని కొట్లో గుమాస్తా నవ్వుతూ చెప్పేవాడు.

ఇప్పుడు బడి వేడుకల్లో ఆడపిల్లలు మైకు అందుకుని తడుముకోకుండా మాట్లాడుతుంటే, నా చేతిమీదుగా వెళ్ళినవాళ్ళూ వాళ్ళలో ఉన్నారని ఛాతీ ఉప్పొంగుతుంది. ఉద్యోగానికి వెళ్తానంటే ఇంట్లో ఇంతమంది ఒప్పుకోవాలన్న సంగతే వాళ్ళలో చాలామందికి తెలియదు, తెలియకపోవడమే మంచిది. కానీ అన్నగారి మాట జవదాటని ఒక తండ్రి, సగం వంతెన దాకా తనతో తానే వాదించుకుని, కూతురి పక్షాన నిలబడడం ఎంత పెద్ద గెలుపో కూడా వాళ్ళకి తెలియదు కదా అనిపిస్తుంది.