అలుపు లేని ఆవిడ

మా ఆయన మంచివారు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఇక మీదట నేను చెప్పేది విని ఎవరూ ఆయన్ని ఏమీ అనుకోకూడదు. ఆయనకున్న అలవాటల్లా ఒక్కటే. నన్నెవరేం అడిగినా జవాబు ఆయనే చెప్పేస్తారు. బట్టలకొట్లో "ఏ రంగు చూపించమంటారమ్మా" అని నన్నడిగితే "ఆవిడకి ముదురు రంగులేనండి" అంటారు. పెళ్ళిభోజనంలో వడ్డించేవాడు నా ముందు వంగితే "ఆవిడకి చాలండి" అంటారు. నాకు చాలలేదని నాకూ నా విస్తరికీ తెలుసు.

అమలాపురంలో ఎముకల డాక్టరుగారి దగ్గరా అదే జరిగింది. ఎక్స్‌రే చూసి, మోకాళ్ళు బాగా అరిగిపోయాయమ్మా, ఆపరేషను చేయించుకోవచ్చు, లేదంటే మాత్రలతో ఇంకొన్నాళ్ళు నెట్టుకురావచ్చు, నొప్పి ఎంతుందో మీరు చెబితే దాన్నిబట్టి చూద్దాం అన్నారు. నేను నోరు తెరిచేలోగా మా ఆయన "పర్లేదండి, ఆవిడ ఓర్చుకుంటుందండి" అనేశారు. డాక్టరుగారు మాత్రలు రాసి, ఇంటికెళ్ళి ఇద్దరూ ఆలోచించుకుని సోమవారం వచ్చి ఏ సంగతో చెప్పమన్నారు.

బస్సులో మా కొత్తపేట వచ్చేదాకా నేను మాట్లాడితే ఒట్టు. ఆయన నన్ను కిటికీ పక్కన కూచోబెట్టి, బత్తాయిలు కొని ఒళ్ళో పెట్టి, ప్రయాణం బడలిక కాబోలనుకున్నారు. ఆ నొప్పి ఎలాంటిదో ఆయనకి నిజంగా తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. చెబుదామనుకునేసరికి ఆయనే చెప్పేసి ఉండేవారు.

సోమవారం రేపనగా, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన ఫోను పట్టుకుని కూచున్నారు. కొబ్బరికాయల వ్యాపారం మానేశాక ఆయనకి పొద్దు పోవడం లేదని మా చిన్నమ్మాయి అందులో ఒక ఆట పెట్టి వెళ్ళింది. ఆటంటే కథ. ఆ కథ ఫోనే చెబుతుంది, మనం పైకి మాట్లాడితే వింటుంది, అంతా తెలుగులోనే. కాకపోతే కథలో ఉండే మనుషుల్ని ముందు మనం తయారుచేసి ఇవ్వాలి. వాళ్ళ బలమేంటి, బలహీనతేంటి, దేనికి భయపడతారు, ఏం కావాలనుకుంటారు, అన్నీ అది అడుగుతుంది. ఇక మనం ఏం చెబితే అదే నమ్ముతుంది పాపం.

ఆయన దాంతో కూడా మర్యాదగా "ఆయ్, చెప్పండి" అన్నారు, చేతులు కట్టుకోవడం ఒక్కటే తక్కువ. తన పాత్ర ముందు చెప్పుకున్నారు. వర్తకుడు, మాట మంచిది, తీపి కనిపిస్తే ఆగలేడు. అంతవరకూ నిజమే.

"రెండో పాత్ర ఎవరు?" అంది ఫోను.

"మా ఆవిడండి."

నేను పక్కనే కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. నన్నేమన్నా అడుగుతారేమోనని చూశాను. అడిగితే కదా.

"ఆవిడ బలం?"

"ఓర్పండి. అలుపన్నదే ఎరగదండి."

"బలహీనత?"

"ఏమీ లేవండి."

"దేనికి భయపడుతుంది?"

"ఆవిడకి భయమేంటండి."

"ఆవిడకి ఏం కావాలి?"

"ఏమీ అడగదండి. చాలా మంచి మనిషండి."

ఆ చివరి మాట అని నా వైపు ఎంత మురిపెంగా చూశారో. నాకు సగం సంతోషం, సగం ఒళ్ళుమంట. ఏది ఎక్కువో తేల్చుకునేలోపే కథ మొదలైపోయింది.

మేమిద్దరం అడవిలో పడి ఏదో కోటకి పోతున్నామట. దారిలో దొంగలు అడ్డం పడ్డారు. పోరాడతారా, పారిపోతారా అని అడిగింది ఫోను. మా ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "ముందు వాళ్ళని కూచోమనండి, భోజనాల వేళకొచ్చేరు కదా" అన్నారు. మా వైపు అంతే మరి. కరెంటు బిల్లు కోసం వచ్చినవాణ్ణయినా గుమ్మంలోంచి ఊరికే పంపం. పాపం ఫోను, అంతమందికి వంట ఎవరు చేస్తారంది. "మా ఆవిడుందండి" అన్నారు.

వండేను. అంటే, ఆ కథలో ఉన్న నేను వండేను. దొంగలు తిని చేతులు కడుక్కుని దణ్ణం పెట్టి పోయేరు. ఆ వెనకే సన్యాసులొచ్చేరు, కూచోమనండి అన్నారు. సైనికులొచ్చేరు, కూచోమనండి. రుచి మరిగి ఆ దొంగలే చుట్టాల్ని వెంటేసుకుని మళ్ళీ వచ్చేరు. ప్రతిసారీ ఆ ఫోను తియ్యటి గొంతుతో "అలుపెరగని ఆ ఇల్లాలు మళ్ళీ పొయ్యి రాజేసింది" అనడం, ఈయన "చూసేవా, నీ వంట ఎంత మెచ్చుకుంటున్నారో" అనడం. నేనూ నవ్వేను, అబద్ధమెందుకు.

అప్పుడు ఒక సైనికుడికి గాయమైంది. ఆ ఇల్లాలు అతన్ని భుజాన వేసుకుని కోట మెట్లన్నీ ఎక్కేసిందంది ఫోను.

చిక్కుడుకాయల పళ్ళెం కింద పెట్టేశాను. "ఫోనిలా ఇవ్వండి."

"ఏమే, కథ బావుంది కదా?"

"మీకు బావుంటుంది. మెట్లెక్కింది నేను."

రెండో పాత్రని మార్చాలన్నాను దాంతో. అలాగేనండి అని మళ్ళీ మొదటినుంచి అడిగింది. ఇంత మర్యాదగా నన్ను నా గురించి అడిగినవాళ్ళు లేరేమో.

బలం అడిగితే, వంట బాగా చేస్తుంది, కోపమూ బాగా వస్తుంది అన్నాను. మా ఆయన నవ్వేరు. బలహీనత అడిగితే, మోకాళ్ళు అన్నాను. "నేల మీద కూచుంటే లేవలేదు. పొద్దున్న స్నానాలగదిలో గోడ పట్టుకుని ఏడ్చి, మొహం కడుక్కుని బయటికొస్తుంది." ఆయన నవ్వు ఆగిపోయింది. దేనికి భయం అంటే, "ఈ సంగతి చెబితే ఇక పనికిరాదనుకుంటారేమోనని" అన్నాను. అది నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఫోనుకి చెప్పినట్టే ఉంది, ఆయనకి చెప్పినట్టూ ఉంది.

ఫోను "ఆవిడకి ఈ నొప్పి ఎప్పటినుంచి ఉంది?" అని అడిగింది.

అలవాటు ప్రకారం మా ఆయన నోరు తెరిచేరు. "అదండీ..." అన్నారు. అక్కడితో ఆగిపోయేరు. ఇన్నేళ్ళ కాపురంలో నా తరపున చెప్పడానికి ఆయనకి మాట దొరక్కపోవడం అదే మొదలు. మొహం చిన్నబోయింది. కుర్చీ నా దగ్గరకి జరుపుకుని, "ఎప్పట్నుంచే?" అన్నారు, చాలా మెల్లిగా.

అరుద్దామనుకున్నాను. ఏడుపొచ్చింది. తుడుచుకుని చెప్పడం మొదలెట్టేను. చిన్నమ్మాయి కడుపులో ఉన్నప్పుడు వంటింట్లో జారిపడ్డ దగ్గర్నుంచి, నిన్న బస్సు మెట్టు దిగినప్పటిదాకా. ఆపరేషనంటే గుండె దడగానే ఉంది, అయినా చేయించుకుంటాను, రేపు ఆ మాట డాక్టరుగారితో నేనే చెబుతాను అన్నాను. ఆయన నా మోకాలి మీద చెయ్యి వేసి వింటున్నారు.

మధ్యలో ఫోను ఇంకేదో అడిగింది. "కాస్త ఆగండి," అన్నారాయన దాంతో, "మా ఆవిడ మాట్లాడుతోంది."