కట్టు మీద తాళం

నా చిన్నప్పుడు ఒకసారి సీమచింతకాయల కోసం చెట్టెక్కి, కాయల కంటే ముందు నేనే కిందపడ్డాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. మాది అల్లూరు దగ్గర, గాలి తిరిగితే సముద్రం హోరు వినపడే ఊరు. కట్లు కట్టే పెద్దాయన వచ్చి, విరిగిన కాలికి కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి పూసి, గుడ్డ చుట్టి, వెదురుబద్దలు పెట్టి బిగించాడు. నలభై రోజులు కదలకూడదన్నాడు. కట్టు ఎండి చెక్కలా అయింది.

అవి ఎడగారు, అంటే రెండో పంట, నాట్ల రోజులు. అమ్మా నాయనా పొద్దున్నే పొలానికి పోతే, నేనూ నా కాలూ వసారాలో మిగిలేవాళ్లం. నా ఈడు పిల్లల కేకలు వినపడగానే ఏడుపు ఎత్తుకునేదాన్ని. ఆ గోల భరించలేక మా కోళ్లు పక్కింటికి పోయి గుడ్లు పెట్టాయని అమ్మ చాలాకాలం చెప్పుకుంది.

మా ఎదురింట్లో సన్నాయి తాత ఒక్కడే ఉండేవాడు. చుట్టుపక్కల ఏ పెళ్లికైనా ఆయన సన్నాయే. ఆ ఏడు ఆయన ముందుపళ్లు రెండూ ఊడిపోయాయి. నోట్లో పెట్టుకునే సన్నాయి పీక మీద పట్టు తప్పి గాలి పక్కకు పోయేది. ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు సన్నాయి తుస్సుమంది. పెళ్లికొడుకు కూడా నవ్వాడట. ఆ తర్వాత మేళం వాళ్లు ఆయన్ని పిలవలేదు. సన్నాయిని గుడ్డసంచిలో వేసి చూరుకు కట్టేసి, పలకరించినా పలక్కుండా అరుగు మీద కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం నేను గొంతెత్తగానే ఆయన లేచి మా వసారాలోకి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"ఏడువు పాపా, నేనేం కాదనను. కానీ శ్రుతి లేకుండా ఏడస్తా ఉండావే, అదే నా బాధ" అన్నాడు.

నాకు రోషం వచ్చింది. "అయితే నువ్వు ఏడిచి చూపించు తాతా!" అన్నాను.

ఆయన వెళ్లి సన్నాయి తెచ్చి ఊదాడు. ముందు గాలి వచ్చింది. తర్వాత నా మొహం మీద తుంపరలు పడ్డాయి. చివరికి ఎవరో బాతును తొక్కినట్టు ఒక్క అరుపు. పొట్ట పట్టుకుని నవ్వాను. నవ్వుతూనే ఆయన కళ్లలో నీళ్లు చూసి ఆగిపోయాను.

"నవ్వులే పాపా, పెళ్లికొడుకే నవ్వినాడు" అని ఆయన కూడా నవ్వేశాడు.

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు ఆయన మా ఇంట్లోనే. నా కట్టును డోలు చేశాడు. పుల్లతో దాని మీద తాళం వేయడం నేర్పి, తను దవడపళ్ల మధ్య పీక ఇరికించి, పచ్చి మామిడికాయ కొరికినవాడిలా మూతి పక్కకు తిప్పి ఊదేవాడు. కొన్నాళ్లకు బాతు అరుపు పోయి చిన్న రాగం ఒకటి వచ్చింది. ఆయనే కట్టాడు. పేరు పెట్టలేదు.

నలభయ్యో రోజు కట్లాయన వచ్చి కట్టు మీద పగుళ్లు చూసి మండిపడ్డాడు. "ఇది కాలా, డోలా? ఇంకో పదిరోజులు పడుకో!" అని మళ్లీ కట్టాడు. అమ్మ మా ఇద్దరినీ కలిపి తిట్టింది. తాత తలొంచుకుని నా వాటా తిట్లు కూడా తిన్నాడు.

పదిరోజులకు కట్టు విప్పితే కాలు ఎండిన మునక్కాయలా ఉంది. కింద పెడితే మళ్లీ విరుగుతుందని నా భయం. అమ్మ బతిమాలింది, నాయన గదిమాడు. నేను కదల్లేదు. అప్పుడు తాత వాకిట్లో నిలబడి ఆ రాగం ఎత్తాడు. పెళ్లికూతుర్ని పీటల మీదికి నడిపించినట్టు, నన్ను చూస్తూ వెనక్కి అడుగులేశాడు. నాయన చెయ్యి పట్టుకుని నేనూ ఒకటి వేశాను. ఇంకొకటి వేశాను. వెనక చూసుకోని తాత వెళ్లి కోళ్లగంప మీద కూలబడ్డాడు. గంప కింద కోళ్లు గగ్గోలు పెడుతున్నా ఊదడం మాత్రం ఆపలేదు. నేను ఆయన్ని చేరేదాకా నడిచాను.

ఆ తర్వాత చిన్నాచితకా పెళ్లిళ్లకు మళ్లీ పిలుపులొచ్చాయి. మూతి వంకర సన్నాయి అని ముద్దుపేరు కూడా వచ్చింది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మా ఆయన పోయినప్పుడు వచ్చినవాళ్లందరూ ఊరుకో ఊరుకో అన్నారు. వాళ్లు వెళ్లాక, వంటింట్లో ఒక్కదాన్నే తాత కట్టిన ఆ రాగం కూనిరాగంగా తీశాను. సగంలో ఏడుపొచ్చింది. ఆపలేదు. రెండూ కలిసే చివరిదాకా వచ్చాయి. కష్టం తీరాక పాడుకుందాంలే అని నేను ఎదురుచూడను. కష్టం ఇంట్లో ఉండగానే మొదలుపెడతాను, గొంతు ఎలా పలికితే అలా.