చాక్‌పీసుల జేబు

నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు మా అకౌంట్స్ సారు రోజూ ఒకే మాటతో క్లాసు మొదలుపెట్టేవాడు: "వ్యాపారం వేరు, యజమాని వేరు. రాసుకోండి." బెల్లు కొట్టగానే మిగిలిన చాక్‌పీసులు చొక్కా జేబులో వేసుకునేవాడు, ఇంట్లో ట్యూషన్ కోసం. మూడేళ్లలో ఈ రెండూ ఒక్కరోజూ మానలేదు. అంతకు మించి ఆయన దగ్గర నేను నేర్చుకున్నదీ లేదు.

ఒక పరీక్షలో, ఎరువుల కొట్టు యజమాని తన పొలానికి కొట్లోంచి యూరియా బస్తా తీసుకుంటే లెక్కల్లో ఏమని రాయాలని సారు అడిగాడు. యజమాని సొంతానికి తీసుకున్నాడు గనక 'సొంతవాడకాలు' అని రాసింది మా క్లాసులో ఒక కారంపూడి అమ్మాయి. సారు గైడు చూసి, అమ్మకమని దిద్ది, రెండు మార్కులు కోశాడు. ఆ రెండు తగ్గి ఆమె ఫెయిలయింది. పేపర్లిచ్చిన రోజు క్లాసులో లేచి అడిగింది.

"సార్, మాకు ఎరువుల కొట్టుంది. మా నాయన ఇట్నే రాస్తాడు."

"అయితే మీ నాయన్నే వచ్చి పేపర్లు దిద్దమను, పో."

అప్పుడే బెల్లు కొట్టింది. ఆయన చెయ్యి చాక్‌పీసుల మీదికి పోయింది.

"మరి ఇవేంది సార్? ఇవీ సొంతవాడకాలేగా?"

క్లాసంతా నవ్వింది. ఆయన మార్కులూ వెయ్యలేదు, చాక్‌పీసులూ వదల్లేదు. నిజానికి ఈసారి ఆ అమ్మాయి చెప్పింది తప్పు. సొంతవాడకాలు యజమానికే ఉంటాయి. కాలేజీ ఆయనది కాదు కాబట్టి ఆ పనికి పేరు వేరే ఉంది.