ఊరికే వచ్చిన లినక్స్

మా ముత్తాత ముఠాదారు. ఆయన తండ్రీ, ఆ తండ్రికి తండ్రీ ముఠాదార్లే. ముఠా అంటే కొన్ని కొండ ఊళ్ళు. ఆ ఊళ్ళ శిస్తు వసూళ్ళూ తగువుల తీర్పులూ మా ఇంటి వీధరుగు మీదే జరిగేవి. దసరాకు మైదానంలోని రాజావారి కోటకు వెళ్తే మావాళ్ళకు చాప పరిచేవారు. కొండ నుంచి వచ్చిన మిగతావారు నిలబడేవారు. ప్రభుత్వం ముఠాలు రద్దు చేశాక మా తాతకు చెప్పుకోవడానికి ఆ చాప ఒక్కటే మిగిలింది. "మనం ఎవరి దగ్గరా ఊరికే ఏదీ పుచ్చుకోలేదు" అని ఆయన అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అనేవారు. అది నాకు పాఠం చెప్పినట్టు కాదు, ఉప్పు వేసినట్టు ఒంట్లోకి ఎక్కింది.

ఇప్పుడు నేను అవే కొండల్లో ఒక కాఫీ రైతుల సంఘంలో కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగిని. మా రైతుల కాఫీ మందులు లేకుండా పండిందని ఏటా ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి సర్టిఫికెట్ ఇస్తాడు. ఆయన అడిగేది తోటల పటాలు. ఏ కుటుంబం తోట ఏ వాగు దగ్గర మొదలై ఏ బండ దగ్గర ఆగుతుందో, ఒక్కొక్కరి వెంట నడిచి గీసిన పటాలు. అవి లేకపోతే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే ఆ కాఫీని సంతలో దళారి చెప్పిన ధరకు పారబోయడమే.

మొన్నటి వానల్లో పిడుగు పడి ఆఫీసు కంప్యూటర్ కాలిపోయింది. పటాలకు ఇంకో నకలు బ్యాకప్ సర్వర్లో ఉందిలే అని ధైర్యంగా ఉన్నాం. ఆ వారంలోనే అదీ ఆగిపోయింది. మూత విప్పితే వచ్చిన కంపు ఇప్పటికీ నా ముక్కులో ఉంది. కరెంటు అందించే డబ్బాలో ఒక బల్లి అడ్డంగా పడి, కాలి, చర్మం బోర్డుకు అంటుకుపోయింది. దాని చుట్టూ చీమలు. ఆ పక్కన ఎలుకలు తెచ్చి పెట్టుకున్న కాఫీ తొక్కలు, వాటి మూత్రం. ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలి డిస్కులు రెండూ బయటికి తీశాను. వాటికి ఏమీ కాలేదనే అనిపించింది. పటాలు ఉంటే ఇక వాటిలోనే ఉండాలి.

కొత్త సర్వర్ తెచ్చిన దుకాణదారు విశాఖపట్నం నుంచి ఘాట్ రోడ్డంతా వాంతులు చేసుకుంటూ వచ్చాడు. నోరు కడుక్కోకుండానే నా బల్ల మీద చెయ్యి పెట్టాడు. యంత్రం ఆన్ చేస్తే తెర మీద వాడి దుకాణం బొమ్మ, వాడి ఫోన్ నంబరు.

"విండోస్ వేసేశాను సార్. ఫ్రీ. మా కస్టమర్లకి అందరికీ ఇదే."

"లైసెన్సు?"

వాడు నవ్వాడు. "లైసెన్సు ఎవడు కొంటాడు సార్? క్రాక్ ఉంది కదా."

అంటే దొంగసొత్తు. దాన్ని మా సంఘం ఆఫీసులో, నా చేతుల మీదుగా, రైతుల పటాలకు కాపలా పెడతాడట. తీసెయ్యమని చెప్పబోయాను. ఆ మాట అనే లోపే వాడు పాత డిస్కు ఒకటి తీసి కొత్త యంత్రానికి తగిలించాడు. తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది. ఈ డిస్కు చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. వాడి వేలు 'సరే' మీదికి వెళ్తోంది. మణికట్టు పట్టుకున్నాను. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే అన్ని కొండల తోటలూ తుడిచిపెట్టుకుపోయేవి.

"ఏం సార్, కొడతారా?"

"చెయ్యి తియ్యి."

"పాత సర్వర్లో విండోస్ బదులు లినక్స్ ఉన్నట్టుంది సార్. ఆ డిస్కుల్ని లినక్సే చదువుతుంది. వేసెయ్యమంటారా? అదీ ఊరికే వస్తుంది."

ఊరికేనా! ఆ సర్వర్‌ను ఎప్పుడో నగరం నుంచి వచ్చిన ఒక ఇంజినీరు పెట్టి వెళ్ళాడు. సంఘం డబ్బు కట్టే కొన్నదనుకున్నాను. ఇన్నేళ్ళూ నేను ధర్మానికి పెట్టిన కూడు ముందు కూర్చున్నానని ఆ రోజు తెలిసింది. దొంగతనం ఒక ఏవగింపు, బిచ్చం ఇంకో ఏవగింపు. డబ్బు పెట్టి కొనే సర్వర్ విండోస్ ధర వాడినే అడిగి విన్నాక సంఘం కొనలేదని నాకే అర్థమైంది. పైగా కొన్నా అది పాత డిస్కుల్ని చదవదు. అయినా కుర్చీలో నిటారుగా కూర్చుండిపోయాను.

అప్పుడే మా సంఘం ప్రెసిడెంటమ్మ తోటలో కలుపు తీసి, బురద కాళ్ళతో లోపలికి వచ్చింది. కొండ మనిషి, కాఫీ రైతు. నన్ను దొరబాబూ అని పిలుస్తుంది. అందులో మర్యాద ఎంతో వెటకారం ఎంతో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

"ఏటి దొరబాబూ, కొయ్యలాగ కూకున్నారు? పటాలు దొరికినాయా?"

విషయం చెప్పాను. ఊరికే వచ్చేది నేను ముట్టనని కూడా చెప్పాను.

"ఎవరో సేసినారు, ఊళ్ళోళ్ళందరూ వాడుకోండని వదిలేసినారు. అంతే కదేటి?"

"అంతే. అలాంటిది మా ఇంటా వంటా లేదు."

ఆమె తలుపు చెక్కకు కాలు రాసి బురద వదిలించుకుంది. "నేకేటి? మీ ఇంటి మీద గడ్డి ఎవరు కప్పినారు? మా తాత. మీ మెట్ట ఎవరు దున్నినారు? మా తాతే. కూలెంతిచ్చినారు దొరబాబూ? వెట్టికి కూలుంటాదేటి! ఊరికే తినడం మీ ఇంట కొత్తా?"

దుకాణదారు కిసుక్కున నవ్వాడు. వాడి నవ్వు మీద కోపం వచ్చింది. వెట్టి సంగతి మా తాత చాప కథలో ఎక్కడా లేదు.

"బేగి సెయ్యండి. కాఫీ పళ్ళు ఎర్రబడితే ఆ ఇన్‌స్పెక్టరు వొచ్చేత్తాడు" అని ఆమె బయటికి వెళ్ళింది.

వాడి విండోస్ తుడిపించేశాను. అప్పుడు వాడి అసలు బుద్ధి బయటపడింది. కరెంటు పోతే యంత్రాన్ని నిలబెట్టే యూపీఎస్ "ఆఫర్‌లో ఇచ్చింది సార్, నా సిస్టమ్ వద్దంటే ఆఫర్ కూడా లేదు" అంటూ దాన్ని పీకి చంకన పెట్టుకుపోయాడు. కడగని చేతుల వేలిముద్రలు మాత్రం తెర మీద వదిలి వెళ్ళాడు. తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను.

లినక్స్ నేనే ఎక్కించాను. పాత డిస్కు తగిలించగానే ఊళ్ళ పేర్లు వరసగా తెర మీదికి వచ్చాయి. ఒక పటం తెరిచి చూశాను. వాగు, బండ, మిరియాల తీగల మధ్య నేను నడిచిన గీత. ఒక్కటీ పోలేదు. సంతోషించాను. ఊరికే పుచ్చుకున్నానన్న రోత మాత్రం పోలేదు. ఇప్పుడు దానికి ఇంకో రోత తోడైంది. దాని గురించి ప్రెసిడెంటమ్మతో ఇంతవరకూ మాట్లాడలేదు.

కానీ పటాలన్నీ కొత్త యంత్రంలోకి ఎక్కించాలి. వానాకాలంలో మా దగ్గర కరెంటు నిలకడగా ఉండదు. ఎక్కిస్తుండగా పోతే డిస్కులకే ఎసరు. సంఘం అనుమతించిన డబ్బు సర్వర్‌కే సరిపోయింది. యూపీఎస్ మళ్ళీ అడగడానికి నేను ఆ దుకాణానికి ఫోన్ చెయ్యను.

మా ముత్తాత ఎక్కి తిరిగిన పల్లకీ మోత కొయ్యను చెదలు ఎప్పుడో తినేశాయి. దాని చివరల ఇత్తడి తొడుగులు మిగిలాయి. యూపీఎస్ కోసం వాటిని పాడేరులో ఇత్తడి సామాన్లు కొనేవాడికి తూకానికి అమ్మేశాను.