ఉండేది ఒక్క కొంగే

దేశమంతా ఫ్లూ జ్వరం తిరిగిన ఏడు, ఆ జ్వరం మా ఊరికి నెల్లూరు బస్సెక్కి వచ్చిందని అందరూ అనుకున్నారు. ఆత్మకూరు మీదుగా ఉదయగిరికి పోయే బస్సు మా ఊరి దగ్గర ఆగేది. దిగేవాళ్ళు దగ్గుకుంటూ దిగేవాళ్ళు. ఒకరోజు ఆత్మకూరు ఆస్పత్రి కాంపౌండరు సైకిలు మీద వచ్చి, ముక్కూ నోరూ మూసేలా అందరూ గుడ్డ కట్టుకోవాలనీ, దగ్గేవాళ్ళయితే తప్పకుండా కట్టుకోవాలనీ చెప్పిపోయాడు.

అవ్వ పాత పంచె ఒకటి చింపి ఇంట్లో అందరికీ ముక్కలు చేసింది. ఆమెకిది కొత్త కాదు. దేవుడికి పొంగలి వండేటప్పుడు ఊపిరి తగలకూడదని ఎప్పుడూ మూతికి గుడ్డ కట్టుకునేది. కష్టమంతా నాకే. నాకు మాట్లాడకపోతే అన్నం అరగదు. మనిషి కనిపిస్తే చాలు, గుడ్డ కిందికి లాగేదాన్ని. మళ్ళీ పైకి లాగడం మరిచిపోయేదాన్ని.

"ఏమ్మే, ఆయన గుడ్డ నోటికి కట్టమన్నాడా, గొంతుకు కట్టమన్నాడా?" అనేది అవ్వ.

"మాట ఇనపడద్దా అవ్వా?"

"నీ మాట ఇనపడక ఈ ఊర్లో ఎవురు బాధపడతుండారు?"

నాయన మాత్రం ఆ గుడ్డను ముట్టుకోలేదు. "నోటికి అడ్డం పెట్టుకోని నిలబడేది మన ఎదర పనోళ్ళు. నేనెవురి ఎదర నిలబడాల?" అన్నాడు. నేను కిసుక్కున నవ్వాను.

మా పశువుల కొట్టం ఊడ్చే ఆమె అట్లాగే నిలబడేది. అరుగుకు దూరంగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సగం మాట మింగేస్తూ మాట్లాడేది. అన్నాళ్ళూ మా ఇంటికి వస్తున్నా, ఆమె నోరెట్లా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదంటే నమ్మండి. చూడలేదన్న సంగతి కూడా నాకు తోచలేదు.

తర్వాత నాయనకే జ్వరం వచ్చింది. జ్వరం తగ్గినా దగ్గు తగ్గలేదు. పడుకోలేక అరుగు మీదికొచ్చి కూర్చున్న పొద్దున, ఆమె ఒక చేత్తో పసిబిడ్డను ఎదకు హత్తుకుని వచ్చింది. బిడ్డకింకా మెడ నిలవలేదు. దూరంగా నిలబడి ఏదో చెప్పింది.

"ఏందమ్మే, ఇనపడ్ల్యా. దగ్గరికి రా," అన్నాడు నాయన.

నాలుగడుగులు వేసింది. మళ్ళీ చెప్పింది.

"ఆ కొంగు తీసి చెప్పు!" అని విసుక్కున్నాడు. ఆ విసుగులోనే దగ్గు తెర వచ్చింది. టవలు భుజం మీదే ఉంది. చెయ్యి దాని మీదికి పోలేదు.

ఆమె కొంగు తీసింది. తీసి బిడ్డ మొహం మీద కప్పింది.

"అయ్యా, మా అత్తకు జరంగా ఉండాది. బిడ్డను చూసేవాళ్ళు లేరు. సాయంత్రం పూట రాలేను, పొద్దున్నే వచ్చి ఊడ్చిపోతాను." పై పెదవి మీద పుట్టుమచ్చ. పల్చటి నోరు. నేను కళ్ళప్పగించి చూశాను.

లోపలి నుంచి అవ్వ వచ్చింది. "ఏందే అది, అయ్య ఎదర నోరు తెరుచుకోని?"

"బిడ్డకు కప్పినానమ్మా," అందామె నెమ్మదిగా. "ఉండేది ఒక్క కొంగే గదా."

నా మొహం మండిపోయింది. నా గుడ్డ నా గొంతు దగ్గర వేలాడుతోంది. నాయన టవలు భుజం మీద ఉంది. అవ్వ చింపిన ముక్కలింకా దండెం మీద ఆరుతున్నాయి. ఇంటి నిండా గుడ్డలే. "నాయనా, ఆ టవలు అడ్డం పెట్టుకో," అని నోటిదాకా వచ్చింది. ఊరందరితో వాగే నాకు ఆ ఒక్క మాట పెగల్లేదు. నాయన మళ్ళీ దగ్గి, "సరే, పో," అన్నాడు.

మరుసటి రోజు ఆమె వాకిట్లోకి రావడం చూసి నాయన లేచి లోపలికి పోయాడు. ఆ మరుసటి రోజూ అంతే. ఆమె ముందర నోటికి గుడ్డ కట్టుకోవడానికి ఆయనకు మనసొప్పలేదు. బిడ్డ మీద దగ్గడానికీ మనసొప్పలేదు. అది తెలిసే కొద్దీ నాకు సిగ్గు పెరిగిందేగానీ తగ్గలేదు.

ఆ రోజే ఆమె చీపురు పక్కన పెట్టి, బిడ్డను ఎత్తుకుని నా దగ్గరికొచ్చింది. "చిన్నమ్మా, మొన్న కొంగు తీసినానని అయ్యకు కోపమొచ్చిందా? నన్ను చూస్తానే లేచి పోతుండాడు."

నేను గుడ్డ ముక్కు మీదికి లాక్కుని, "కోపం కాదు. దగ్గు," అన్నాను.

"ఏంది చిన్నమ్మా?"

కిందికి లాగబోయిన చేతిని ఆపుకున్నాను. గుడ్డ వెనక నుంచే అరిచాను. "దగ్గు! బిడ్డకు అంటుకుంటాదని లోపలికి పొయినాడు!"

ఆమె బిడ్డను సర్దుకుంది. నా అరుపు ఇల్లంతా వినపడే ఉంటుంది. కాసేపటికి లోపల నాయన దగ్గాడు. ఎప్పటిలా గొంతెత్తి కాదు. టవలు అడ్డం పెట్టుకుని, నొక్కిపట్టి దగ్గాడు.

తలుపు వెనక, ఎవరూ చూడని చోట.