కుట్టుపిన్ని ఆలోచించిన కాలం

ఒంటరితనం గురించి రాసేవాళ్ళు ఎందుకో ఎడారుల్నీ, దీవుల్నీ, మంచుకొండల్నీ ఎంచుకుంటారు. నేను తిరిగినంతలో తెలుసుకున్నది వేరు. మనిషి ఒంటరి కావడానికి అంత దూరం పోనక్కరలేదు. ఇరుగూ పొరుగూ ఉన్న వీధిలో, రోడ్డు వైపు కిటికీ ఉన్న గదిలో ఆ పని నిక్షేపంగా జరిగిపోతుంది. కుట్టుపిన్ని గది అటువంటిది.

ఊళ్ళో సగం మందికి ఆమె వరసకి పిన్ని, మిగతా సగానికి బట్టలు కుట్టే మనిషి. రెండూ కలిసి పేరైపోయాయి. భర్త లారీ నడిపేవాడు, పోయి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. మరిది కుటుంబం ఆ ఊళ్ళోనే ఉంది గానీ తోటికోడలికీ ఈమెకీ మాటల్లేవు. ఎప్పుడో ఈమె ఆవిడకి కుట్టిన జాకెట్టు బిగుతైంది. ఆ మాటా ఈ మాటా పెరిగి, “బిగుతు జాకెట్టుది కాదక్కా, నీ బుద్ధిది” అన్నదాకా వెళ్ళింది. కొన్ని తగవులకు కారణం చిటికెడే, ఆయుష్షు మాత్రం మనుషులకంటే ఎక్కువ.

ఆ గదిలో కుట్టుమిషను, కత్తిరించే బల్ల, ఇస్త్రీపెట్టె, ఒక ముక్కాలి పీట ఉండేవి. ఒకప్పుడు ఆ పీట ఖాళీగా ఉండేది కాదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు కొలతలతో పాటు కొంపలోని గొడవలన్నీ ఇచ్చి వెళ్ళేవాళ్ళు. దర్జీకి తెలియని రహస్యం ఉండదంటారు. నడుము కొలత అడిగితే ఎవరు తింటున్నారో, ఎవరు తినడం లేదో తెలిసిపోతుంది మరి. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక కొత్త బట్ట కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. జిప్పులు మార్చడం, పొడుగు తగ్గించడం మిగిలాయి. దానికీ ఆ ఊళ్ళో ఒక పద్ధతి పడింది. బట్ట సంచీలో పెట్టి కిటికీ ఊచకు తగిలిస్తారు. ఏం చేయాలో ఫోన్లో ఒక ముక్క పంపుతారు. పనయ్యాక ఆమె ఆ సంచీనే ఊచకు తగిలిస్తే, వచ్చి పట్టుకుపోతారు. ఎవరి టైము వాళ్ళకి కలిసొస్తుంది. ఆమెకు మాత్రం మనుషులు పోయి చేతులు మిగిలాయి. గాజుల చెయ్యి, గడియారం చెయ్యి, గోళ్ళు కొరుక్కునే చెయ్యి.

అటువంటి రోజుల్లో కంపెనీ వచ్చింది.

బడి హాల్లో మీటింగు పెట్టారు. కంపెనీ తరఫున వచ్చినతను నలభై దాటిన మనిషి. భుజాలు జారిన చొక్కా, ఎండకు కమిలిన ముఖం. ఊరివాళ్ళు అతణ్ణి అప్పటికే కంపెనీబాబు చేసేశారు. తెర మీద ఒక బొమ్మ వేశాడు. పొడవాటి తెల్లటి కట్టడం, చుట్టూ పచ్చటి చెట్లు, ఎక్కడా కిటికీ లేదు.

“గోడౌనా బాబూ ఇది?” అన్నారెవరో.

“దాదాపు అలాంటిదేనండీ. మీ ఫోన్లో ఫొటోలు, మీ మాటలు, బ్యాంకు పనులు, ఇవన్నీ ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. వాటిని దాచే కంప్యూటర్లు వరసగా పెట్టే ఇల్లు. డేటా సెంటరంటారు.”

“అయితే మా ఆవిడ నాకు పెట్టిన చివాట్లన్నీ ఇకమీదట ఊరి చివరే భద్రంగా ఉంటాయన్నమాట!”

హాలంతా నవ్వింది. నవ్వు ఆగాక, ఊరి మంచినీళ్ళ పంపు చూసుకునే పంపుమామ లేచాడు. “ఆ యంత్రాలు వేడెక్కుతాయట. చల్లార్చడానికి నీళ్ళెక్కడివి?”

“వాడిన నీళ్ళనే తిప్పి తిప్పి వాడతామండీ. మీ బోరు జోలికి రాం.”

“నువ్వు రావులేవయ్యా. నీ బోరు వస్తుంది.”

దాంతో ఊరు రెండైంది. రోడ్డు పడుతుంది, కాపలా పనులొస్తాయి అని కొందరు. గొంతు తడవకపోతే రోడ్డు నాక్కుంటామా అని కొందరు. కట్టడం లేవాల్సిన బీడు సొంతదారులు అమ్మడానికి సిద్ధంగానే ఉన్నారు. చిక్కల్లా దారి దగ్గరే. పెద్దరోడ్డు నుంచి బీడు దాకా బండి పోవాలంటే మధ్యలో ఉన్న ముళ్ళకంపల నేలపట్టీ దాటాలి. అది లారీడ్రైవరు తన భార్యకు మిగిల్చిన ఒకే ఒక్క ఆస్తి. అందరి తలలూ కుట్టుపిన్ని వైపు తిరిగాయి.

ఇవ్వకూడదని ఆమెకు ఆ క్షణంలోనే తెలుసు. వీధి బోరు ఎండిపోయిన వేసవిలో బిందె పట్టుకుని నిలబడ్డ మనిషి. అయితే అంతమంది ఒక్కసారిగా తనవైపు చూడటం ఎన్నేళ్ళకో. “ఆలోచించి చెప్తాను” అంది.

మర్నాడు కంపెనీబాబు వచ్చాడు. కిటికీ దగ్గర కాదు, గుమ్మంలోంచి లోపలికి వచ్చి, ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. టీ ఇచ్చి, అది తాగేలోగా కాదని చెప్పేద్దామనుకుంది. టీ అయిపోయింది, మాట రాలేదు. అతను రోడ్డు మీదికి వెళ్ళాక, ఖాళీ గ్లాసు కడుగుతూ, “రేపు చెప్తాలే” అని మిషనుతో అంది.

ఆ రేపటికి పంపుమామ వచ్చాడు. “చెల్లెమ్మా, ఆ బాబు నిన్నేమైనా మాయ చేశాడా?”

“నన్ను మాయ చేసే వయసా అన్నయ్యా అతనిది? నన్ను చూసి జడుసుకుని ఉంటాడు.”

“నవ్వులాట కాదు. ఇస్తావా, ఇవ్వవా?”

“ఆలోచిస్తున్నాను. నీ ప్యాంటు అంచు ఊడింది, చూసుకున్నావా? రేపు పట్టుకురా.”

అలా మొదలైంది. కావాలన్నవాళ్ళు ఒక పూట, వద్దన్నవాళ్ళు ఒక పూట. ఊరికే వస్తే బాగుండదని ప్రతివాళ్ళూ ఏదో ఒక చిరుగు వెంట తెచ్చుకునేవాళ్ళు. చిరుగులు లేనివాళ్ళు చింపుకుని మరీ వచ్చారని పంపుమామ అనేవాడు. ఆమె రెండు కుర్చీలు కొంది. ఒకరికి ఆశ పోకుండా, ఇంకొకరికి కోపం రాకుండా, గోడ మీద పిల్లిలా కూర్చోవడం నేర్చుకుంది. పంపుమామ మోకాళ్ళనొప్పి, ఎవరి కోడలికి నెల తప్పిందో, ఎవరి మేక ఎవరి పెరట్లో దూరిందో, అన్నీ మళ్ళీ ఆమెకు తెలిశాయి. దీన్ని మోసమనాలా? రాజ్యాలు ఏలినవాళ్ళు కూడా రాయబారుల్ని ఇలాగే కూర్చోబెట్టారని చరిత్ర చెబుతుంది. వాళ్ళకి పేరొచ్చింది, అంతే తేడా.

కంపెనీబాబు తరచుగా వచ్చేవాడు. అతని భుజాలు జారిన చొక్కా చూసి ఆమెకు చేతులు ఊరుకోలేదు. “ఎవరు కుట్టారండీ ఇది? మీకు కుట్టారా, మీ తలుపుకి కుట్టారా?” అని, బట్ట తెప్పించి కొత్తది మొదలుపెట్టింది. ఒకసారి కాలరు చూడాలి రమ్మంది, ఇంకోసారి చేతులు చూడాలి రమ్మంది. చొక్కా ఒక పట్టాన తెమల్లేదు. అతను తొందరపెట్టలేదు.

ఒక సాయంత్రం తోటికోడలు గుమ్మంలో నిలబడింది. చేతిలో చిరుగు లేదు, సంచీ లేదు. లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు.

“అక్కా, తిన్నగా అడుగుతున్నాను. ఇస్తావా, ఇవ్వవా?”

“ఆలోచిస్తు…”

“నీ ఆలోచన తెల్లారేలోగా మేం తెల్లారిపోతాం. ఇక్కడ కాపలా పని వస్తుందని మీ మరిది మిల్లులో పని మానేశాడు. నువ్వు సరేనంటున్నావని ఆ బాబు చెప్పాడట.”

కుట్టుపిన్ని చేతిలో సూది ఆగింది. “మానేశాడా? నేను సరేనని ఎప్పుడన్నాను?”

“కాదని ఎప్పుడన్నావు?” తోటికోడలు గదంతా కలయజూసింది. కొత్త కుర్చీలు, కడగని టీ గ్లాసులు. ఆడవాళ్ళకి కొన్ని విషయాలు విడమరిచి చెప్పక్కర్లేదు. “ఓహో. చెప్పేస్తే ఎవరూ రారని కదూ?” అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆ మర్నాడే కుట్టుపిన్ని పంపుమామతో చెప్పి అందర్నీ బడి హాలుకి పిలిపించింది. లేచి నిలబడి, కొంగు చివర వేళ్ళకు చుట్టుకుంటూ మాట్లాడింది.

“పట్టీ నేనివ్వను. మొదటి రోజే అనుకున్నాను. చెప్తే మీరెవరూ మా ఇంటికి రారని చెప్పలేదు. తప్పే. మరిదిని మిల్లువాళ్ళు మళ్ళీ చేర్చుకునేలా ఎవరైనా పెద్దవాళ్ళు మాట్లాడండి.”

కావాలన్నవాళ్ళు తిట్టుకుంటూ లేచారు. వద్దన్నవాళ్ళైనా మెచ్చుకుంటారేమోననుకుంటే అదీ లేదు. గెలిచినవాళ్ళకి తమను ఆడించారన్న సంగతి ఓడినవాళ్ళకంటే ఎక్కువ గుచ్చుకుంటుంది. “ఇన్నాళ్ళూ మా చేత ఊరికే టీలు తాగించావన్నమాట” అన్నాడు పంపుమామ. అతని గొంతులో సరదా లేదు. తోటికోడలు ఆమెను దాటుకుని వెళ్ళింది, మొహం చూడలేదు. మరిదిని మిల్లువాళ్ళు చేర్చుకున్నారు గానీ పాత పనిలోకి కాదు, మూటలు మోసే పనిలోకి. ఆ సంగతి కుట్టుపిన్నికి చాలా రోజుల దాకా ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి లోపలికి వచ్చేవాళ్ళు ఉండాలి కదా.

కంపెనీబాబు మాత్రం ఒకసారి వచ్చాడు. కంపెనీ వేరే ప్రాంతం చూసుకుంది, అతన్నీ అక్కడికే పంపుతున్నారు. చొక్కా వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. భుజాలు సరిగ్గా కూర్చున్నాయి.

“మీ ఉద్యోగానికేమీ ముప్పు రాలేదు కదా?” అంది ఆమె, వెనకనుంచి కాలరు సర్దుతూ.

“నాలుగు మాటలు పడ్డాను. అలవాటే. మీరివ్వరని నాకు ముందే తెలుసు పిన్నిగారూ.”

“ఎలా?”

“ఇచ్చేవాళ్ళు రేటు అడుగుతారు. మీరొక్కసారీ అడగలేదు. పైవాళ్ళకి మాత్రం, ఆలోచిస్తున్నారు, ఇవాళో రేపో సరేనంటారు అని రాస్తూ వచ్చాను. ఆ మాటే ఊళ్ళోకీ పాకింది.”

“అలా ఎందుకు రాశారు?”

అతను పై గుండీ పెట్టుకున్నాడు. “లాడ్జి గదిలో ఒక్కణ్ణే ఉంటానండీ. ఏ ఊరు వెళ్ళినా అంతే. మంచం, టీవీ, మంచినీళ్ళ సీసా.”

ఇద్దరూ కలిసి ఒక మనిషి పని పోగొట్టారన్న సంగతి ఇద్దరికీ తెలుసు. ఎవరూ ఎవరినీ ఓదార్చలేదు. ఆమె అతనితో పాటు బస్టాపు దాకా నడిచింది. బస్సు ఆలస్యమైంది. ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. బస్సు వచ్చాక, “ఉంటానండీ” అన్నాడు. వెళ్ళేవాడు ఉంటానని ఎందుకంటాడో, ఇన్ని ఊళ్ళు వదిలివచ్చిన నాకూ తెలియదు.

బస్సు వెళ్ళిపోయినా ఆమె లేవలేదు. అందులోంచి దిగినవాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు, ఎవరో టైమడిగారు, చెప్పింది. ఆ మర్నాడు కూడా వచ్చింది, కాజాలు కుట్టాల్సిన బట్టలు పట్టుకుని.

నేను ఆమెను చూసింది ఆ బల్ల మీదే. నా సంచీ పట్టీ తెగి వేలాడుతుంటే అడక్కుండానే అందుకుని కుట్టడం మొదలుపెట్టింది. ఇదంతా అప్పుడు చెప్పిందే.

“మీరే బస్సుకండీ?” అన్నాను మధ్యలో.

“ఏ బస్సుకీ కాదు. మీదెప్పుడు?”

“ఇంకో అరగంట పడుతుందేమో.”

“అయితే రెండో పట్టీ కూడా ఇటివ్వండి” అంది. ఆ పట్టీ ఎక్కడా తెగలేదు. అయినా ఇచ్చాను.