గోడకు తగిలి తిరిగొచ్చిన గోల

అది 2003వ సంవత్సరం, ఎండలు ఇంకా ముదరని రోజులు. మండపేట దగ్గర కాలవ గట్టు మీది ఒక ఊళ్లో కబడ్డీ పోటీలకు నేను మైకు సెట్టు పెట్టాను. మా నాన్న ప్రారంభించిన సౌండ్ షాపు మాది. ఆయన తర్వాత నేనే చూసుకుంటున్నాను. ఆడమనిషి స్తంభమెక్కి మైకులు కడుతుంటే మొదట్లో జనం ఆట మానేసి నన్ను చూసేవాళ్లు. రెండు మూడేళ్లకు వాళ్లకు విసుగొచ్చింది, నాకు అలవాటైంది.

మా పని తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. మైకులో మాట్లాడింది తీగ మీదుగా ఆంప్లిఫయర్‌లోకి వెళ్తుంది. సన్నటి గొంతును పెద్దది చేసి పంపే పెట్టె అది. అక్కణ్నుంచి హారన్‌లోకి వెళ్తుంది. ఉమ్మెత్త పువ్వులా నోరు తెరుచుకుని ఉండే లౌడ్‌స్పీకర్‌ను మేం హారన్ అంటాం. ఇవన్నీ ఎవరైనా ఒక సీజన్‌లో నేర్చుకోవచ్చు. ఏళ్లు పట్టేది ఎకో సంగతి తెలియడానికే. ఎకో అంటే మాట ఏ గోడకో తగిలి మళ్లీ మన దగ్గరికే రావడం. మనుషులు మాటను మింగేస్తారు. గ్రౌండు నిండా జనం ఉంటే ఎంత గట్టిగా పెట్టినా మాట పోతుందే గాని తిరిగి రాదు. జనం పలచబడితే మాత్రం మన మాటను గోడ మనకే అప్పజెబుతుంది.

ఆ గ్రౌండు పక్కన రోడ్డు, రోడ్డుకు అవతల ఒక పాత రైస్ మిల్లు ఉండేవి. తొంభైల మొదట్లో ఆ మిల్లుకు అంత పొడవు గోడ ఉందన్న సంగతే నేను గమనించలేదు. ఫైనల్ రోజున ట్రాక్టరు తొట్లలో నిలబడి చూసేవాళ్లు, మిల్లు అరుగెక్కి చూసేవాళ్లు, ఏమీ కనపడకపోయినా ముందువాళ్లను అడిగి తెలుసుకుంటూ ఆనందించేవాళ్లు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చినవాళ్లు సరుకు అయిపోయాక ఖాళీ డబ్బాల మీద కూర్చుని ఆట చూసి వెళ్లేవాళ్లు. అంపైరు పాట్లు చూసి తీరాలి. కబడ్డీలో రైడర్, అంటే అవతలి కోర్టులోకి కూతకు వెళ్లే ఆటగాడు, తిరిగి వచ్చేదాకా ఒకే ఊపిరి మీద కూత పెడుతూనే ఉండాలి కదా. ఆ గోలలో కూత ఉందో తెగిందో తెలియక అంపైరు వాడి నోటి దగ్గర చెవి పెట్టుకుని కోర్టంతా పరిగెత్తేవాడు.

తర్వాత ఇంటింటికీ కేబుల్ వచ్చింది. కుర్రాళ్లు బ్యాట్లు పట్టారు. పెద్దవాళ్లకు రొయ్యల చెరువుల దగ్గర కాపలా పడింది. ఒక్కసారిగా ఎవరూ మానేయలేదు. ఒక ఏడాది ట్రాక్టర్లు రాలేదు, ఇంకో ఏడాది పూతరేకుల వాళ్లు రాలేదు. ఏటా ఆ మిల్లు గోడ ఒక అడుగు ముందుకు జరిగి వస్తున్నట్టు ఉండేది నాకు. నేను కూడా వాల్యూమ్ తగ్గించుకుంటూ వచ్చాను. ఖాళీ గ్రౌండులో పెద్ద గొంతు పెడితే వినడానికి సిగ్గుగా ఉంటుంది.

ఆ ఏడాది ఫైనల్‌కు భీమవరం వైపు నుంచి ఒక రాజుగారి జట్టు వచ్చింది. రొయ్యల వ్యాపారంలో బాగా కలిసొచ్చిన మనిషి, కబడ్డీ అంటే ప్రాణం. నెలనెలా జీతాలిచ్చి జట్టును పోషించేవారు. అందులో పెద్ద రైడర్ వెంకన్నది ఆ ఊరే. ముప్పై దాటాయి, మోకాలికి పట్టీ లేకుండా దిగేవాడు కాదు, అయినా ఎదురు జట్టు అతని పేరు చెబితే సర్దుకు నిలబడేది. మధ్యాహ్నం నేను తీగలు లాగుతుంటే రాజుగారు వెంకన్ననూ, కమిటీ సెక్రటరీ సూర్యనారాయణ గారినీ వెంటేసుకుని గ్రౌండు చూడటానికి వచ్చారు.

"నేను దాపరికం లేకుండా చెప్పేస్తానండి. డబ్బుకు చూసుకునేవాణ్ని కాదు. కానీ ఖాళీ బల్లల కోసం ఎన్నాళ్లని ఆడిస్తానండి? ఈ సాయంత్రం జనం వచ్చారా, జట్టు ఉంటుంది. రాలేదా, ఇక్కడితో ఆపేస్తాను" అన్నారు.

"వస్తారండి, ఎందుకు రారండి" అన్నారు సూర్యనారాయణ గారు. ఆయన గొంతులో నమ్మకం లేదు. ఆ రోజు టీవీలో క్రికెట్ మ్యాచ్ ఉందని తెలియనివాళ్లం అక్కడ ఎవరమూ లేము. ఫైనల్ తేదీకి ముహూర్తం చూశారు గాని క్రికెట్ క్యాలెండర్ చూడలేదు కమిటీవాళ్లు.

రాజుగారు వెళ్లాక వెంకన్న నా దగ్గర ఆగాడు. "అక్కగారండీ, మీరు ఎన్నో గ్రౌండులు చూస్తారు కదండి. వస్తారంటారా?"

"నీ ఆట చూడ్డానికి రాకుండా ఎలా ఉంటారు?" అన్నాను.

"నాకు వేరే పని తెలీదండి. ఇది పోతే చెరువు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని తిరగడమే" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు దుఃఖమొచ్చింది.

సాయంత్రం ఆట మొదలయ్యే వేళకు బల్లల మీద ముందు వరసే నిండింది. మిల్లు నుంచి ఊక దుమ్ము లేచి ఎండలో బంగారు రంగు తిరిగి, ఎవరి కోసమో ఆగినట్టు గ్రౌండు మీద నిలబడింది. కాలవ మీంచి చల్లగాలి వస్తోంది. ఇంత అందమైన సాయంత్రం పెట్టుకుని జనం ఇళ్లల్లో తలుపులు వేసుకుని టీవీ ముందు కూర్చున్నారేమిటా అనిపించింది. సూర్యనారాయణ గారు పరుగున నా బల్ల దగ్గరికి వచ్చారు.

"సత్యవతి గారండి, మీ దగ్గర పాత ఫైనల్ క్యాసెట్ ఉండాలి కదండి. జనం గోల రికార్డయినది?"

ఉంది. తొంభై రెండు ఫైనల్ కామెంటరీ కావాలని కమిటీవాళ్లే అడిగితే రికార్డు చేశాను. కామెంటరీ చెప్పే ఆయన మధ్యలో టీ తాగడానికి వెళ్లిపోతే మైకు ఆన్‌లోనే ఉండిపోయి క్యాసెట్ ఒక పక్కంతా జనమే పడ్డారు.

"అది పెట్టండి. రోడ్డు మీద పోయేవాడు గోల వినపడితే ఆగుతాడు. నిండిన హోటల్లోకే కదండి జనం వెళ్లేది."

నాకు తప్పనిపించలేదు. పెళ్లిలో మేళగాళ్లు ఆలస్యమైతే మేం సన్నాయి క్యాసెట్ పెడతాం, తలంబ్రాలు ఆగవు కదా. ఇదీ అంతే అనుకున్నాను. ఆటగాళ్లకు వినపడితే ఇబ్బంది పడతారని రెండు హారన్లను కోర్టు వైపు నుంచి రోడ్డు వైపు తిప్పి కట్టాను. ఇన్నేళ్ల అనుభవంలో ఎకో గురించి అంత తెలిసిన నేను, రోడ్డుకు అవతల గోడ ఉందని ఆ హడావుడిలో మర్చిపోయాను.

క్యాసెట్ తిరిగింది. ఈలలు, చప్పట్లు, ఎవరో బండబూతు తిట్టి నాలిక కరుచుకోవడం, ఒక పసిపిల్ల ఏడుపు. సూర్యనారాయణ గారి మాట నిజమైంది. సైకిళ్లు ఆగాయి. బస్సు దిగినవాళ్లు ఇటు తిరిగారు. కాలవలో బట్టలుతుకుతున్న ఆడవాళ్లు గట్టెక్కి చూశారు. మధ్య విరామం అయ్యేసరికి రెండో వరస, మూడో వరస కూడా నిండాయి. రాజుగారు స్టేజీ మీద కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చున్నారు. సూర్యనారాయణ గారు నా వైపు చూసి మీసం దువ్వుకున్నారు.

రెండో సగంలో రాజుగారి జట్టు ఒక్క పాయింటు వెనక ఉంది. వెంకన్న కూతకు వెళ్లాడు. ఇద్దరిని తాకేశాడు. ఇక వెనక్కి తిరిగి గీత దాటితే చాలు. సరిగ్గా అప్పుడు, మనుషులు ఎవరూ లేని దిక్కు నుంచి, మిల్లు గోడ మీంచి ఒక ముసలి గొంతు వచ్చింది.

"దమ్ముంచుకోరా, పెద్దోడా."

వెంకన్న కూత తెగిపోయింది. అంపైరు విజిల్ వేసి అవుట్ అని చెయ్యెత్తాడు. ఎదురు జట్టు ఎగిరి గంతేసింది. వెంకన్న మాత్రం కదలకుండా మిల్లు గోడ వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను క్యాసెట్ ఆపేశాను. ఆ కాసేపు కాలవ నీళ్ల చప్పుడు కూడా వినపడింది.

కెప్టెన్ టైమ్ అవుట్ అడిగాడు. వెంకన్న నా బల్ల దగ్గరికి వచ్చాడు. చెమటతో పాటు కళ్లమ్మటా నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అక్కగారండీ, ఆ గొంతు మా నాన్నదండి."

వాళ్ల నాన్న పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. ఏటా స్కోరు బల్ల పక్కన నేల మీద కూర్చునే ఆ ముసలాయన నాకు గుర్తున్నాడు. ఆయన గొంతు నా క్యాసెట్‌లో ఉందని మాత్రం నాకు తెలియదు.

"ఇంకొక్కసారి ఏస్తారా అండి" అన్నాడు వెంకన్న.

నేను అంపైరు వైపు చూశాను. ఆయన చూడనట్టు తల తిప్పేసుకున్నాడు. స్తంభమెక్కి ఒక హారన్ కోర్టు వైపు తిప్పాను. క్యాసెట్ వెనక్కి తిప్పి పెట్టాను. దమ్ముంచుకోరా, పెద్దోడా. వెంకన్న కళ్లు మూసుకుని, అలాగేనన్నట్టు ఆయ్ అన్నాడు, తండ్రి ఎదురుగా ఉన్నట్టే.

తర్వాత జరిగింది నేను కలగన్నానేమో అని ఇప్పటికీ అనుమానపడతాను. బల్లల మీద జనం లేచి ఒక్కొక్కరే హారన్ కిందకు వచ్చారు. క్యాసెట్ ఆపబోతే ఉంచమన్నారు. "ఆ నవ్వు మా ఆయనదే, అలా నవ్వేవాడు మరొకడు లేడు" అంది ఒక పెద్దావిడ. ఒక కుర్రాడు తన చిన్నప్పటి ఈలను తానే గుర్తుపట్టి పక్కవాడికి చూపించాడు, గొంతు కనిపిస్తుందన్నట్టు గాలిలోకి వేలెత్తి. తలలన్నీ పైకి ఎత్తి, దుమ్ము వెలుగులో కదలకుండా నిలబడ్డారు. కబడ్డీకి వచ్చినవాళ్లు కబడ్డీ మర్చిపోయి, ఒకప్పుడు కబడ్డీకి వచ్చినవాళ్లను వింటున్నారు.

రాజుగారు స్టేజీ దిగి వచ్చి సంగతి తెలుసుకున్నారు. కోప్పడతారనుకున్నాను. ఆయన నెమ్మదిగా, "ఇంతమంది ఉండేవారా అండి ఇక్కడ" అని మాత్రం అన్నారు.

క్యాసెట్ ఆపాక ఆట కొనసాగింది. వచ్చినవాళ్లు వెళ్లలేదు, చివరిదాకా అరిచారు. రాజుగారి జట్టు కొద్దిలో ఓడిపోయింది. ఓడినందుకు కాదు గాని, ఆ వేసవిలోనే ఆయన జట్టును ఆపేశారు. ఆటగాళ్లందరినీ కూర్చోబెట్టి భోజనం పెట్టి, బట్టలు పెట్టి, తనే ముందు ఏడ్చారట. ఆ సాయంత్రం వచ్చిన జనం క్యాసెట్ పిలిస్తే వచ్చారని ఆయనకు తెలుసు. పోటీలు మరో రెండేళ్లు ఈడ్చుకుంటూ సాగి అవీ ఆగిపోయాయి.

వానాకాలంలో ఒక రోజు వెంకన్న మా షాపుకు వచ్చాడు. అనుకున్నట్టే చెరువు కాపలాకు కుదిరాడు. అతను వస్తాడని నేను ముందే ఆ క్యాసెట్ కాపీ చేసి ఉంచాను. తీసి చేతికిచ్చాను.

"ఇది నాన్న కోసం. ఇంకోటి అడగడానికి వచ్చానండి. ఆ ఫైనల్ నేనూ ఆడానండి, అందులో నా కూత ఉందేమో చూస్తారా?"

ఇద్దరం ఆ పక్కంతా విన్నాం. వాన రేకుల మీద పడుతుంటే వాల్యూమ్ పెంచుకుని విన్నాం. తండ్రి అరిచిన దగ్గర మళ్లీ మళ్లీ విన్నాం. ఎంత వెతికినా జనమే తప్ప కూత లేదు. నాకు బాధేసి, మైకు దూరంగా ఉందయ్యా, అందుకే పడలేదు అన్నాను.

"కాదండి. ఆ రోజుల్లో నా కూత నాకే వినపడేది కాదండి" అన్నాడు వెంకన్న. కాపీ క్యాసెట్ జేబులో పెట్టుకుని, "ఈ నాలుగైదేళ్లుగా ఆడుతుంటే అదొక్కటే వినపడేది" అన్నాడు.

చిన్న గొంతును పెద్దది చేయడమే నా పని అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా. ఆటగాడికి కావలసింది తన గొంతు పెద్దదవడం కాదని, అది మునిగిపోయేంత మంది చుట్టూ ఉండటమని ఆ వానలో తెలిసింది. దానికి నా షాపులో సామాను లేదు.